వాంతిలో పోయిన మాత్ర గురించి ఎవరు అడగాలి?

ఆసుపత్రిలో "పేషెంటుకు వాంతులవుతున్నాయండీ" అనగానే అందరి దృష్టీ వాంతుల మీదికే పోతుంది. వాంతులు తగ్గడానికి ఇంజెక్షన్ రాస్తారు, సెలైన్ పెడతారు, కాసేపు నోటికి ఏమీ ఇవ్వొద్దంటారు. ఇవన్నీ అవసరమే. కానీ ఆ వాంతితో పాటు బయటికొచ్చేసిన మాత్ర సంగతేమిటి? అది వేరే సమస్య. దాన్ని విడిగా చెప్పకపోతే విడిగా పట్టించుకునేవాళ్లు ఉండరు.

నా వాదన ఇంతే. పేషెంటుగానీ పక్కనున్నవాళ్లుగానీ "వాంతయింది" అని చెప్పి ఊరుకోకూడదు. "ఫలానా మందు లోపల నిలవలేదు, దీన్ని ఇంకో రకంగా ఇవ్వడానికి కుదురుతుందా?" అని అడగాలి. అలా అడిగితే డాక్టర్ పనిలో వేలు పెట్టినట్టు అవుతుందేమోనని చాలామందికి బెరుకు. నాకైతే అందులో బెరుకు పడాల్సిందేమీ కనబడదు. మాత్ర ఎప్పుడు మింగారో, ఎంతసేపటికి వాంతయిందో, అందులో మాత్ర కనబడిందో లేదో చూసినవాళ్లం మనమే. ఆ సమాచారం ఆ సమయానికి ఇంకెవరి దగ్గరా ఉండదు.

మా అమ్మకు చాలా ఏళ్లుగా ఫిట్స్ మాత్రలున్నాయి. లెవెటిరాసెటమ్, పొద్దునొకటి, రాత్రొకటి. ఒకసారి కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో చేర్పించాం. నీళ్లు తాగినా బయటికే. రాత్రి వేసిన మాత్ర పోయింది. పొద్దున సిస్టర్ వచ్చి మాత్ర ఇచ్చి, మింగేదాకా నిలబడి చూసి, చార్టులో టిక్కు పెట్టి పక్క మంచానికి వెళ్లింది. ఆవిడ తప్పేమీ లేదు, పద్ధతిగానే చేసింది. పావుగంట తిరగకుండానే అమ్మ ట్రే అందుకుంది. పసుపుపచ్చటి నీళ్లలో మాత్ర పైపూత కరిగి, అంచులు అరిగి, దాదాపు అలాగే ఉంది. చార్టులో మాత్రం టిక్కు ఉంది. రౌండ్స్‌కి వచ్చే డాక్టర్ చూసేది చార్టునే. ఆ కాగితం ప్రకారం అమ్మకు ఫిట్స్ మందు సక్రమంగా అందుతున్నట్టే లెక్క.

ట్రే పారబోయకుండా పట్టుకుని సిస్టర్ దగ్గరికి వెళ్లాను. "సిస్టర్, ఇందాక ఇచ్చిన ఫిట్స్ మాత్ర పావుగంటలో వచ్చేసింది, చూడండి. రాత్రిది కూడా ఇలాగే పోయింది. అంటే రెండు పూటలు మందు లేనట్టే. ఇది ఇంజెక్షన్‌గా దొరుకుతుందా? డ్యూటీ డాక్టర్ గారిని ఒకసారి అడుగుతారా?" ఆవిడ ట్రేలోకి చూసి, చార్టులో టిక్కు పక్కన ఏదో రాసి, ఫోన్ చేసింది. డ్యూటీ డాక్టర్ వచ్చి ఒకే ప్రశ్న అడిగాడు: "రోజూ ఎంత డోసు?" లెవెటిరాసెటమ్‌కు నరంలోకి ఎక్కించే రూపం ఉంది. డోసు కూడా మారదు, మాత్రలో ఎంతో సెలైన్‌లో కలిపి అంతే. ఎక్కించడానికి పావుగంట పడుతుంది. అమ్మ చేతి నరంలో మందు ఎక్కించే సన్నటి గొట్టం, అదే క్యాన్యులా, అప్పటికే ఉంది. అంత తేలికైన పని. ఎవరూ అడక్కపోతే అంత తేలికైన పనీ జరగదు.

"డాక్టర్లకు ఆ మాత్రం తెలియదా?" అని కొందరంటారు. తెలుసు. మందు ఎన్ని రూపాల్లో దొరుకుతుందో మనకంటే వాళ్లకు బాగా తెలుసు. వాళ్లకు తెలియనిది మాత్ర నిలవలేదన్న ఒక్క ముక్క. పైగా వార్డులో ఎవరి పరిధి వాళ్లది. నోటి ద్వారా అని రాసిన మందును నర్సు తనంతట తాను ఇంజెక్షన్‌గా మార్చి ఇవ్వలేదు, మార్చకూడదు కూడా. డాక్టర్ మళ్లీ రాయాలి. మందు ఇచ్చేముందు అయిదు విషయాలు సరిచూసుకోవాలని నర్సింగ్‌లో మొదట్లోనే నేర్పుతారు: సరైన మనిషి, సరైన మందు, సరైన డోసు, సరైన మార్గం, సరైన సమయం. మందు ఇచ్చే మార్గం అంత పెద్ద విషయమన్నమాట. మింగింది మింగినట్టు బయటికొస్తున్న మనిషికి నోరు సరైన మార్గమేనా అని అడిగితే, వాళ్ల పాఠంలోని ప్రశ్నే వాళ్లకు గుర్తుచేసినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హాని తగ్గించాలని మొదలుపెట్టిన కార్యక్రమంలోనూ పేషెంట్లు తమ మందుల గురించి ప్రశ్నలు అడగాలనే చెప్పింది.

అడిగే తీరు కూడా ముఖ్యమే. "సిస్టర్, అస్సలు ఏమీ ఇమడట్లేదు" అంటే అవతలివాళ్లకు కొత్తగా తెలిసేది తక్కువ. ఆ మాట వాళ్లు రోజంతా వింటూనే ఉంటారు. ఏ మందు, మింగింది ఎన్నింటికి, వాంతి ఎంతసేపటికి, మాత్ర కనబడిందా లేదా, వరుసగా ఇది ఎన్నో పూట అని చెబితే వాళ్లు నిర్ణయం తీసుకోగలుగుతారు. వ్యవధి ఎందుకు కావాలంటే, చాలా మందులు ఒంట్లోకి చేరేది పొట్టలోంచి కాదు, అది దాటి చిన్నపేగులోకి వెళ్లాక. పది నిమిషాల్లో వాంతయితే మాత్ర పోయినట్టే అనుకోవాలి. మూడు గంటల తర్వాత అయితే మందు చాలావరకు చేరిపోయి ఉండొచ్చు. ఈ హద్దు మందుకో రకంగా ఉంటుంది. మలేరియా మాత్రలు వేసిన అరగంటలోపు వాంతయితే పూర్తి డోసు మళ్లీ ఇస్తారు. లెవోనోర్‌జెస్ట్రెల్ అనే అత్యవసర గర్భనిరోధక మాత్రకు ఆ హద్దు రెండు గంటలని ఒక సూచన, మూడు గంటలని ఇంకో సూచన. అందుకే మన అంచనాతో మనమే ఇంకో మాత్ర వేసేయకూడదు. మొదటిది సగం ఒంటికి పట్టి ఉంటే రెండోది ఎక్కువైపోయే మందులున్నాయి. గుండె మందులు, షుగర్ మాత్రలు, నొప్పికిచ్చే మార్ఫిన్ లాంటివి ఆ కోవలోవే.

అన్ని మందులకూ ఇంత కంగారు అక్కర్లేదు. ఈ మాటా గట్టిగానే చెప్పాలి, లేకపోతే విటమిన్ మాత్ర పోయిందని అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్‌ని లేపేవాళ్లు తయారవుతారు. థైరాయిడ్‌కు వాడే లెవోథైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. ఒకటి రెండు రోజులు అందకపోతే కొంప మునగదు. కొలెస్ట్రాల్ మాత్ర, ఐరన్, కాల్షియం లాంటివి సాధారణంగా ఆగగలవు. కొన్నింటిని వాంతులప్పుడు ఆపడమే మేలు. ఒళ్లు ఎండిపోతున్నప్పుడు నీరు తీసే మాత్రలు, కొన్ని రకాల బీపీ మాత్రలు మూత్రపిండాల మీద భారం పెంచుతాయి. మూత్రపిండాలు సరిగ్గా పనిచేయకపోతే షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుంటుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లు తిండి లేకుండా వాంతులు చేసుకుంటుంటే, షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా రక్తంలో ఆమ్లం పేరుకునే ప్రమాదం ఉంది. వీటి విషయంలో అడగాల్సిన ప్రశ్నే వేరు: "ఇది ఇప్పుడు ఇవ్వాలా, ఆపాలా?"

ఆగలేని మందుల సంగతి ఇంకోలా ఉంటుంది. ఫిట్స్ మందులు సరే. ఏళ్ల తరబడి ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ల శరీరం తన సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్‌ను తయారుచేయడం తగ్గించేసి ఉంటుంది. వాళ్లకు మాత్ర నిలవకపోతే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావొచ్చు. పైగా జబ్బు చేసినప్పుడు ఒంటికి మామూలుకంటే ఎక్కువ స్టెరాయిడ్ కావాలి. అలాంటప్పుడు హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఇస్తారు, ఆలస్యం చేయరు. ఈ కార్టిసాల్ ఒంట్లో సరిగ్గా తయారుకాని అడిసన్ జబ్బున్నవాళ్లలో కొందరు ఈ ఇంజెక్షన్‌ను వెంట ఉంచుకునేది ఇందుకే. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు "ఏమీ తినట్లేదు కదా" అని ఇన్సులిన్ పూర్తిగా మానేస్తే ఇంకో రకం ప్రమాదం. వాళ్లకు డోసు మార్చొచ్చు గానీ ఆపకూడదు. గుండెలో లోహపు వాల్వు ఉండి రక్తం పల్చబడే మాత్ర వాడేవాళ్లకు, అది నిలవకపోతే చర్మం కింద ఇచ్చే హెపారిన్ రకం ఇంజెక్షన్లున్నాయి. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ల మందులైతే ఒక్క పూట పోయినా ఆ టీమ్‌కు చెప్పాల్సిందే. మా ఇంట్లో మందుల చీటీ మీద ఇలా ఆగకూడని మందు పక్కన ఎర్రగీత గీసి ఉంటుంది. వార్డులో చేరగానే ఆ గీత ఎందుకో చెప్తాం.

అన్నింటిలోకీ ఇరకాటమైనది పార్కిన్సన్స్ అని నా అభిప్రాయం. కాళ్లూ చేతులూ వణికి, ఒళ్లు బిగుసుకుపోయే నరాల జబ్బు అది. దానికి వాడే లెవోడోపా మాత్ర కొన్ని గంటలు ఆలస్యమైతేనే మనిషి బిగుసుకుపోతాడు, మింగడం ఇంకా కష్టమవుతుంది. మింగలేకపోతే మాత్ర అందదు, మాత్ర అందకపోతే మింగలేడు. దీనికి వార్డులో మామూలుగా దొరికే ఇంజెక్షన్ రూపం లేదు. ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం ద్వారా ఇవ్వడమో, రోటిగోటిన్ అనే వేరే మందును చర్మం మీద అంటించే ప్యాచ్‌గా వాడడమో చేస్తారు. ఇక్కడే ఇంకో చిక్కుంది. వాంతులకు చాలాచోట్ల చేతికందే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది. పార్కిన్సన్స్‌లో కొరత పడిందే డోపమైన్. వాంతి తగ్గుతుంది, జబ్బు ముదిరినట్టు అయిపోతుంది. వాంతులకే వాడే ప్రోక్లోర్‌పెరజిన్‌దీ అదే తీరు. ఇలాంటివాళ్లకు మెదడులోకి పెద్దగా వెళ్లని డాంపెరిడోన్‌నో, వేరే రకానికి చెందిన ఆండన్‌సెట్రాన్‌నో చూసుకుంటారు. కాబట్టి వాంతుల ఇంజెక్షన్ సిరంజిలోకి తీసే లోపే "ఈయనకు పార్కిన్సన్స్ ఉంది, ఈ మందు పడుతుందా?" అని అడగడం అతిచొరవేమీ కాదు. మిగతావాళ్లలో కూడా మెటోక్లోప్రమైడ్ వల్ల మెడ, దవడ వంకర్లు పోయిన సందర్భాలుంటాయి, వయసులో చిన్నవాళ్లలో మరీను. ఐరోపా మందుల సంస్థ 2013లో దాన్ని అయిదు రోజులకు మించి వాడొద్దని హద్దు పెట్టింది.

ఆండన్‌సెట్రాన్ విషయంలో ఒక అపోహ కూడా ఉంది. నాలుక మీద పెడితే కరిగిపోయే మాత్ర కదా, అక్కడి నుంచే రక్తంలోకి వెళ్లిపోతుందని చాలామంది అనుకుంటారు. అది కరిగేది నోట్లోనే గానీ, లాలాజలంతో పాటు పొట్టలోకి దిగి మామూలు మాత్రలాగే పనిచేస్తుంది. నీళ్లు తాగాల్సిన పని లేకపోవడం ఒక్కటే లాభం. అయిదు నిమిషాల్లో వాంతయితే అది కూడా పోయినట్టే. గుండెనొప్పికి నాలుక కింద పెట్టే నైట్రోగ్లిజరిన్ వేరు, అది నిజంగా నోటి పొరల్లోంచే రక్తంలోకి వెళ్తుంది. ప్రోక్లోర్‌పెరజిన్‌లో కూడా పైపెదవికీ చిగురుకీ మధ్య పెట్టుకునే రకం ఉంది. చూడ్డానికి అన్నీ నోట్లో పెట్టే మాత్రలే కావడంతో ఈ తికమక.

నోరు కుదరనప్పుడు ఇంజెక్షన్ తప్ప వేరే దారి లేదనుకోవడం ఇంకో పొరపాటు. జ్వరానికి పారాసెటమాల్ మలద్వారంలో పెట్టే సపోజిటరీగా దొరుకుతుంది. కాకపోతే ఒంటికి పట్టడం కాస్త ఆలస్యం, ఒక్కొక్కరిలో ఒక్కోలా. కీమో తీసుకుంటూ తెల్లరక్తకణాలు పడిపోయినవాళ్లకు ఆ దారి వాడరు, ఇన్ఫెక్షన్ భయం. ఫిట్స్ ఆగకపోతే మిడజోలమ్ ముక్కులో కొడతారు, బుగ్గలో పోస్తారు. తీవ్రమైన మలేరియాతో ఆసుపత్రికి దూరంగా ఉన్న ఆరేళ్లలోపు పిల్లలకు, పెద్దాసుపత్రికి పంపేముందు ఆర్టిసునేట్‌ను మలద్వారంలోనే పెడతారు. ప్రయాణపు వాంతులకు స్కోపోలమైన్ ప్యాచ్‌ను చెవి వెనక అంటిస్తారు. అది పనిచేయడానికి గంటలు పడుతుంది కాబట్టి ముందే వేసుకోవాలి, మూడు రోజులు పనిచేస్తుంది. ఫెంటనిల్ ప్యాచ్ కూడా అంతే, నొప్పిమీద పట్టు దొరకడానికి సగం రోజు పైనే పడుతుంది. ఈ పూట నొప్పికి ఈ పూట అంటించే వస్తువు కాదు.

దారి మారితే డోసు మారుతుంది. మా అమ్మ మందులాగా అంతకు అంతే సరిపోయేవి కొన్నే. నోటి ద్వారా 30 మిల్లీగ్రాముల మార్ఫిన్ చేసే పని నరంలో సుమారు 10 మిల్లీగ్రాములు చేస్తుంది. ప్రొప్రనొలాల్ అనే గుండె మాత్ర 40 మిల్లీగ్రాములు వేసుకునే మనిషికి నరంలోకి ఇవ్వాల్సి వస్తే 1 మిల్లీగ్రాము దగ్గర మొదలుపెడతారు. మింగిన మందులో పెద్ద భాగాన్ని కాలేయం దారిలోనే ఖర్చుచేసేస్తుంది, నరంలోకి ఇస్తే ఆ కోత ఉండదు. అందుకే "ఇంజెక్షన్ వేసేయండి" అని మనం ఆర్డర్ వేయకూడదు. ఇంకో రకంగా ఇవ్వొచ్చా అని అడిగి, లెక్క వాళ్లకు వదిలేయాలి. కార్బమజెపిన్ లాంటి మందుకు చాలాచోట్ల ఇంజెక్షనే దొరకదు, దాని బదులు తాత్కాలికంగా వేరే ఫిట్స్ మందు పెడతారు. కాబట్టి అదే మందు వేరే రూపంలో లేదన్నంత మాత్రాన మాట అక్కడితో అయిపోయినట్టు కాదు. దాని పని చేసే ఇంకో మందుందా, అదీ లేకపోతే ఎన్ని గంటలు ఆగొచ్చు, ఆగితే ఏం గమనించాలి అని అడగొచ్చు.

సూదిమందు మీద మనవాళ్లకున్న మోజు గురించి ఒక మాట. నరంలోకి వెళ్తే బలం ఎక్కువని నమ్మేవాళ్లు చాలామంది. సిప్రోఫ్లాక్ససిన్, మెట్రోనిడజోల్, ఫ్లూకొనజోల్ లాంటి ఇన్ఫెక్షన్ మందులు మింగినా ఒంటికి బాగానే పడతాయి, ఇంజెక్షన్‌కు అదనపు శక్తేమీ ఉండదు. మాత్ర నిలవనప్పుడు ఇంజెక్షన్ కావాలి, నిలవడం మొదలవగానే మాత్రకు వచ్చేయాలి. క్యాన్యులా ఉన్నన్నాళ్లూ నరం వాయడం, ఇన్ఫెక్షన్ రావడం అనే బెడద ఉంటుంది. "ఇంకా రెండ్రోజులు నరంలోకే ఇవ్వండి" అని పట్టుబట్టే బంధువులను చూశాను. నోటి మాత్ర కక్కుకుంటున్నా అదే ఇస్తూ పోవడం ఎంత తప్పో ఇదీ అంతే తప్పు.

ఇంకో సంగతి. ఒక్కోసారి వాంతికి కారణం ఆ మాత్రే. డాక్సిసైక్లిన్, మెట్రోనిడజోల్, ఎరిత్రోమైసిన్, ఐరన్, మెట్‌ఫార్మిన్, నొప్పి మాత్రలు, మార్ఫిన్ అందరికీ తెలిసినవే. డైజాక్సిన్ అనే గుండె మందు రక్తంలో ఎక్కువైతే మొదట కనబడే గుర్తుల్లో వికారం, ఆకలి చచ్చిపోవడం ఉంటాయి. అక్కడ వేరే దారిలో అదే మందు ఇంకా ఎక్కించడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. రక్తంలో ఆ మందు ఎంతుందో పరీక్ష చేయించాలి. కాబట్టి వాంతులు ఏ కొత్త మందు మొదలుపెట్టాక వచ్చాయో, ఏ మాత్ర వేసిన ప్రతిసారీ వస్తున్నాయో చెప్పడం ఆ మాత్ర పేరు చెప్పడమంత ముఖ్యం.

మాత్ర మింగలేకపోతున్నారని పొడి చేసి నీళ్లలో కలిపి పట్టించడం ఇళ్లలో మామూలు. వార్డులో కూడా పక్కనున్నవాళ్లు చాటుగా చేస్తుంటారు. పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, సీఆర్ అని ఉంటే అది రోజంతా కొద్దికొద్దిగా విడుదలయ్యేలా చేసిన మాత్ర. నలిపితే మొత్తం ఒకేసారి ఒంట్లో పడుతుంది. పొట్టలో కరగకుండా పేగులో కరిగేలా పూత వేసినవాటిని నలిపినా ప్రయోజనం పోతుంది. సిరప్ రూపం ఉందేమో ఫార్మసిస్టును అడగండి. ఆసుపత్రిలో మందుల రూపాల గురించి బాగా తెలిసిన మనిషి ఆయనే, ఎందుకో ఆయన్ని ఎవరూ అడగరు. మగతగా ఉన్న మనిషికి నోట్లో ఏదీ పోయకండి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే అది ఇంకో జబ్బు.

ఆసుపత్రుల మీదా నాకు ఫిర్యాదు ఉంది. మాత్ర ఇచ్చాక టిక్కు పెట్టడానికి చార్టులో గడి ఉంటుంది. ఆ తర్వాత వాంతయితే దిద్దే బాధ్యత మాత్రం ఎవరి ఓపికను బట్టి వాళ్లది. ఒకసారి ఇంకో ఆసుపత్రిలో, మా దగ్గరి బంధువు మాత్ర కక్కేసిందని చెబితే "మేం ఇచ్చాం కదండీ" అని జవాబు వచ్చింది. ఇచ్చారు, నిజమే. ఆ పూట ఎవరూ చార్టు దిద్దలేదు, షిఫ్టు మారి వచ్చిన నర్సుకు సంగతి తెలియలేదు. అప్పటి నుంచి షిఫ్టు మారే వేళకు నేను మంచం దగ్గరే ఉంటాను. వచ్చినావిడకు ఆ ఒక్క విషయం మళ్లీ చెప్తాను, చార్టులో రాశారా అని మర్యాదగా అడుగుతాను. రెండుసార్లు అడిగినా దారి దొరక్కపోతే వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌ను, అక్కడా కాకపోతే మన కేసు చూస్తున్న డాక్టర్‌ను కలవాలి. గొంతు పెంచాల్సిన పని లేదు. "ఆగలేని మందు రెండు పూటలుగా అందలేదు" అన్న మాటను పక్కన పెట్టేసే డాక్టర్ అరుదు.

డిశ్చార్జి రోజు ఈ తంతు ఇంకోసారి ఉంటుంది. వాంతులు ఆగాయి, క్యాన్యులా తీసేస్తామంటారు. తీసేముందు ఆ ముఖ్యమైన మందు ఒక డోసు నోటి ద్వారా ఇచ్చి, నిలుస్తుందో లేదో చూసి పంపమని అడగండి. ఇంటికెళ్లాక మళ్లీ వాంతయితే ఏ మాత్ర తిరిగి వేయొచ్చు, ఎంతసేపటి లోపయితే వేయాలి, ఏ మాత్ర నిలవకపోతే ఆగకుండా వెనక్కి రావాలి అన్నవి డిశ్చార్జి కాగితం మీదే రాయించుకోండి. రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు కూడా అక్కడే.